బుధవారం నాలుగూ పది బస్సు

వానాకాలంలో సూర్యుడైనా రెండు రోజులు చెప్పకుండా సెలవు పెడతాడు కాని, మా కాలేజీ బస్సు నాలుగూ పదికి హారన్ కొట్టిందంటే కొట్టిందే. ఆ హారన్ విని పాశమైలారం ఫ్యాక్టరీల్లో రెండో షిఫ్టు వాళ్లు గడియారాలు సరిచేసుకుంటారని అప్పట్లో ఒక ప్రచారం ఉండేది. ప్రచారం చేసింది నేనే.

పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య జొన్న చేలల్లో జొన్నలకు బదులు ఇంజనీరింగ్ కాలేజీలు మొలుస్తున్న రోజులవి. అలాంటి ఒక కాలేజీలో క్రైస్తవ విద్యార్థుల సహవాసం నడపడం నా పని. నాకున్న ఆస్తి ఒక సైకిలు, నాలుగు తీగలు మిగిలిన గిటారు, ప్రపంచంలోని ఏ మైకునైనా అవమానించగల గొంతు. బుధవారం చివరి పీరియడు ఆటలకని వదిలేసేవారు. మైదానంలో పల్లేరుకాయలు తప్ప ఏమీ లేవు కాబట్టి పిల్లలు మాకు దొరికేవారు. పాత డ్రాయింగ్ హాలులో మూడున్నరకు కూర్చునేవాళ్లం. హాలులోని దుమ్ముకు నాకంటే రెండేళ్లు ఎక్కువ సర్వీసు.

పిల్లలందరూ రోజూ వచ్చిపోయేవాళ్లే. జోగిపేట, సదాశివపేట, లింగంపల్లి. తెల్లారకముందే బయల్దేరి, రసాయనాల కంపు మూడు రకాలు పీల్చి, టిఫిను డబ్బాతో సహా ఊగి ఊగి వచ్చేవాళ్లు. వాళ్ల జీవితంలో దేవుడి తర్వాత స్థానం బస్సుది. ఒక్కోసారి ముందు స్థానం కూడా.

మా పద్ధతి ఏమిటంటే పాట, వాక్యం, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ ప్రార్థన అవసరత చెప్పడం. ఎడమ కుర్చీ నుంచి మొదలై వరసగా సాగుతుంది. అతిథి ఎవరైనా ఉంటే చివరి కుర్చీ ఇస్తాం. అది మర్యాద. చివర్న చెప్పిన అవసరత మీద అందరం భారంతో కాసేపు ఎక్కువ ప్రార్థించి ముగించవచ్చని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి నేను అప్పట్లో చాలా మురిసిపోయాను.

ఆ ఏడాది టాంజానియా నుంచి ఒక అబ్బాయి చేరాడు. హాలు తలుపు అతనికి భుజాల దాకా వచ్చేదని చెప్పను, మీరు నమ్మరు. గడ్డం దాకా అనుకోండి. ఇంద్రేశంలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కడే ఉండేవాడు. రాగానే "వందనాలన్నా" అనేవాడు. ఆమేన్ అంటే కిటికీ అద్దాలు అదిరేవి. విదేశీ విద్యార్థి దొరికాడన్న గర్వంతో నేను పై వాళ్లకు రాసిన రిపోర్టులో మా సహవాసం ఖండాంతరాలకు విస్తరించిందని రాశాను. అతన్ని తీసుకెళ్లి శాశ్వతంగా చివరి కుర్చీలో కూర్చోబెట్టాను.

మొదటి బుధవారం వరస మొదలైంది.

"నా ఎం-త్రీ కోసం ప్రార్థన చెయ్యండి అన్నా," అంది జోగిపేట అమ్మాయి. ఆ సబ్జెక్టు కోసం మేము చేసిన ప్రార్థనకు చచ్చిన గణిత శాస్త్రజ్ఞులు కూడా లేచి కూర్చోవాలి.

"మా నాయినకు ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ తీసెయ్యాలె అన్నా."

"నాకు అటెండెన్స్ జెర తక్వుంది అన్నా."

"జెర తక్వనా? నువ్వు కాలేజీకొచ్చుడే ఈడ ఒక సాక్ష్యం రా," అన్నారెవరో. నవ్వులు. చివరి కుర్చీ దాకా వచ్చేసరికి అతను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "అన్నా, జెర..." అన్నాడు. హారన్. హాలు ఒక్క క్షణంలో ఖాళీ. మిగిలింది నేను, అతను, దుమ్ము.

నేను కూడా ఆ రోజు పటాన్‌చెరులో ఇంకో మీటింగుకు పరిగెత్తాలి. "నెక్స్ట్ వెన్స్‌డే, ఫస్ట్ నువ్వే," అన్నాను సైకిలెక్కుతూ.

"ఏం గాదన్నా," అన్నాడు. అతనికి వచ్చిన తెలుగులో సగం అదే.

రెండో బుధవారం పరదేశిని ఆదరించడం గురించి వాక్యం చెప్పాను. మామూలుగా పది నిమిషాలు. ఆ రోజు ఆత్మ పూనిందో, నా గొంతు మీద నాకే ప్రేమ పుట్టిందో, అరగంట దంచాను. ఇద్దరు అమ్మాయిలు కళ్లు తుడుచుకున్నారు. అతను లేచేసరికి హారన్.

"ఏం గాదన్నా."

మూడో బుధవారం పరీక్షల ముందు రోజు. హాల్ టికెట్లన్నీ బల్ల మీద పేర్చి, ఒక్కో టికెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాం. ఆ కుప్పలో అతని టికెట్టు లేదు. అది నేనప్పుడు గమనించలేదు. హారన్ మోగింది. ఆ రోజు అతను "ఏం గాదన్నా" అనలేదు. నాతోపాటు గేటు దాకా వచ్చాడు. నేను కాలు పెడలు మీదే ఉంచి, "గాడ్ బ్లెస్ యూ," అన్నాను.

నాలుగో బుధవారం చివరి కుర్చీ ఖాళీ. ఆఫీసులో అడిగితే సర్టిఫికెట్లు తీసుకుని పోయాడన్నారు. ఎక్కడికంటే వాళ్లకు తెలియదు.

అప్పుడు వెళ్లాను ఇంద్రేశం. కాలేజీ నుంచి సైకిలు మీద పావుగంట. నేను ఎప్పుడూ చేయని ఆ మహా ప్రయాణం పావుగంట. ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"కాకా, ఈడ ఒక ఫారిన్ పిలగాడు ఉంటుండె గద?"

"ఉంటుండె. పోయిండు. నువ్వెవలు?"

"కాలేజీల ప్రార్థన పెట్టేటోన్ని."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఓహో. బుధవారం నువ్వేనా?"

అవునని తలూపాను.

"గల్లీల ఒక్కటే లొల్లి బిడ్డా. ఎవలు, ఏడికెల్లి వచ్చిండు, ఏమన్నయితె ఎవలు జిమ్మేదారి అని. మనిషి మంచోడే. ఒక మనోన్ని తోల్కరా, గాయన నా ముంగట నిలబడి ఈ పిలగాడు నాకెర్కె అంటె సాలు, ఉండు అని చెప్పిన. బుధవారం అన్న వస్తడు అన్నడు. మూడు బుధవారాలు ఆగిన. ఇగ నేనేం జెయ్యాలె?"

"నాకు చెప్పలే కాకా."

"చెప్పకనా? 'అన్నా, జెర మా ఇంటికి రావాలె' అని. రోజు గీ అరుగు మీద కూసోని నేర్సుకునేటోడు. నేర్పిచ్చినోన్నే నేను."

"ఇంకేడ రూమ్ దొరకలేదా?"

"ఊరంత తిరిగిండు, పటాన్‌చెర్ల గూడ తిరిగిండు. ఎవలియ్యలే. ఆటోల సామానేసుకోని పోయిండు." బీడీ ఆర్పేశాడు. "ఇప్పుడొచ్చినవ్. ఏం జేస్తవ్ మరి?"

ప్రార్థన చేస్తానని చెప్పడానికి సిగ్గేసింది. నీళ్లడిగి తాగాను.

ఆయన లోపలికి వెళ్లి ఒక అట్టముక్క, నల్ల రంగు, కుంచె తెచ్చాడు. "చదువుకున్నోనివి గద, రూము కిరాయికి కలదు అని జెర మంచిగ రాసియ్యి."

రాశాను. నా అక్షరాలు ముత్యాలని నేనే ప్రచారం చేసుకునేవాణ్ణి.

"కింద ఇంకో ముక్క రాయి. బయటి దేశపోల్లకు ఇయ్యము అని."

నేను కుంచె డబ్బాలో పెట్టి లేచాను. "బస్సుకు టైమైతుంది కాకా," అన్నాను.

ఆ వేళకు అక్కడ ఏ బస్సూ లేదు. నా సైకిలు ఆయన గోడకే ఆనించి ఉంది. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు, కుంచె తనే అందుకున్నాడు.