సమక్ చాచా చేపలు, జపాన్ సారు ఇంజన్

ఆ రోజుల్లో మస్కట్ పోయినవాడి బతుకు బాగుపడ్డట్టేనని మా జగిత్యాల వైపు అందరూ నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను. ఇరవై దాటీదాటని వయసులో దేన్నైనా నమ్మొచ్చు, అడ్డు చెప్పడానికి అనుభవం ఉండదు కదా. మా అక్క భర్త, అంటే మా బావ, అప్పటికే అక్కడ రూయిలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఆయనే వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని, జపాన్ బండ్లు అమ్మే ఒక కంపెనీ వర్క్‌షాపులో నాకు మెకానిక్ వీసా తీయించాడు. ఊళ్లో నేను విప్పి బిగించినవన్నీ పాత జీపులు, అంబాసిడర్లు. అవి మా తాత నాటి నుంచి మారలేదు, నేను పోయేదాకా మారేటట్టూ లేవు. అలాంటివాణ్ణి తీసుకెళ్లి, ఏడాది తిరక్కుండానే ఇంజన్ మార్చేసే మనుషుల చేతిలో పెట్టాడు మా బావ. (ఆయన్ని అనడానికి లేదు. ఇంజన్ అంటే ఇంజనే అనుకున్నాడు పాపం.)

ఆ జపాన్ ఇంజన్లన్నీ ఒకే కుటుంబం. సిలిండర్లు బడిపిల్లల్లా ఒకే వరసలో నిలబడి ఉంటాయి. చిన్నది, దానికన్నా కొంచెం పెద్దది, ఇంకా పెద్దది, అంతే తేడా. పైనుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పేర్లలోనూ ఒక అంకె అటూ ఇటూ. కానీ ఫ్యాక్టరీలో దాన్ని ఇంకా ఇంకా బాగు చేస్తూనే ఉంటారు. ఈసారి సిలిండర్ వెడల్పు చేస్తారు, మరోసారి నీళ్లు పోయే దారి జరుపుతారు. వాళ్లు అక్కడ బాగు చేసినప్పుడల్లా ఇక్కడ మేం పాడైపోయేవాళ్లం. మా వర్క్‌షాపుకు పెద్ద, కరాచీ నుంచి వచ్చిన ఉస్తాద్. కొత్త పెట్టె తెరిచిన ప్రతిసారీ తల పట్టుకుని, "ఖాందాన్ ఏక్, షకల్ ఏక్, లేకిన్ కిసీ సే కిసీకీ నహీ బన్తీ" అనేవాడు. (వంశం ఒకటే, మొహాలూ ఒకటే, ఒకరికొకరికి మాత్రం పొసగదని.)

అలా ఉండగా, ఎండలు మండిపోతున్న రోజుల్లో సహం నుంచి కబురొచ్చింది. సహం సముద్రం ఒడ్డు ఊరు. అక్కడి చేపల వ్యాపారి ఒకాయన మా కంపెనీలోనే పికప్ కొన్నాడు. అరబ్బీలో చేపను సమక్ అంటారు, అందుకని మేమంతా ఆయన్ని సమక్ చాచా అనేవాళ్లం. బలూచీ మనిషి, హిందీ బాగానే మాట్లాడతాడు. తెల్లారగానే ఒడ్డున చేపలు ఎత్తుకుని, కొండల కింద రుస్తాక్ వైపు ఊళ్లలో అమ్ముకొస్తాడు. ఆ బండి హెడ్ గ్యాస్కెట్ పోయింది. అంటే ఇంజన్ దిమ్మకూ పైన మూతకూ మధ్య పరిచే పల్చటి రేకు. ఉస్తాద్ ఒక ప్యాకెట్ నా చేతికిచ్చి, "జా బేటా, లగాకే ఆ" అని పంపించాడు. (పోయి బిగించి రా అని.) నన్నింకా పర్మనెంట్ చేయలేదు. పని చెడితే వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కించడమేనని అంతకుముందే మేనేజరు నవ్వుతూ చెప్పి ఉన్నాడు. నవ్వుతూ చెప్పడం వల్లే నాకు మరీ భయమేసింది.

ఒడ్డున ఈతమట్టల పందిరి కింద బండి పెట్టుకుని మూత ఎత్తాను. ప్యాకెట్ చించి రేకు పరిచాను. రేకులోని గుండ్రాలు సిలిండర్లతో కలవలేదు. తిప్పి పరిచాను. అప్పుడూ కలవలేదు. పక్కన గంపల్లో చేపలు, చేపల చుట్టూ ఊళ్లో ఉన్న పిల్లులన్నీ, పిల్లుల వెనక చాచా.

"క్యా హువా?" అన్నాడు చాచా.

"చాచా, యే ఇస్కా నహీ హై. ఇస్కే బడే భాయ్ కా హై" అన్నాను. (ఇది దీనిది కాదు, దీని అన్నది అని.)

"తో బడే భాయ్ కో బులావ్!"

ఆయన నిజంగానే అన్నాడు. అన్నను పిలిస్తే పనైపోతుందనుకున్నాడు. కంపెనీ బండి వెనక్కి పోయి మర్నాడు ఇంకో ప్యాకెట్ తెచ్చింది. ఈసారి గుండ్రాలు కలిశాయి. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే నీళ్లు పోయే రంధ్రాలు కలవలేదు. కొత్త రకంలో వాటిని పక్కకు జరిపారట. నేను ఇసుకలో కూలబడ్డాను. చాచా తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. పాడైపోకముందే చేపలన్నీ ఇరుగుపొరుగుకు పంచేసి, నాకు కూడా అన్నంలో పెద్ద ముక్క వేసి తెచ్చిపెట్టాడు. పక్కన కూర్చుని, సోహార్ వైపు నుంచి ఇంకో బండివాడు వచ్చి రుస్తాక్‌లో తన గిరాకీ అంతా పట్టుకుపోతున్నాడని మెల్లగా చెప్పాడు. ఆ ముక్క పళ్లెంలోనే ఉండిపోయింది. ఈ ముసలాయన బతుకూ నా బతుకూ ఒకే రేకు మీద పోయాయనుకున్నాను.

ఆ మర్నాడు జపాన్ సారు వచ్చాడు. ఇంకా అమ్మకానికి రాని కొత్త ఇంజన్ అక్కడి ఎండలకు తట్టుకుంటుందో లేదో చూడ్డానికి ఫ్యాక్టరీ ఆయన్ని పంపింది. ఆ ఇంజన్ పెట్టిన పికప్ వేసుకుని, నిండా వైర్లూ థర్మామీటర్లూ తగిలించుకుని, ఎడారి అంతా తిరుగుతుండేవాడు. ఉస్తాద్ బతిమాలితే సహం వైపు వచ్చాడు. నాకు దేవుడే దిగొచ్చినట్టయింది. ఆయన రేకు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. జరిగిన రంధ్రం మీద వేలు పెట్టి, "దిస్... మై డ్రాయింగ్" అన్నాడు. రేకు కిందికి దించి, "వెరీ స్మాల్ చేంజ్" అన్నాడు, తనకే సిగ్గనిపించినట్టు. పాతదాని రేకు ఇక జపాన్ నుంచి ఓడలోనే రావాలట. తర్వాత నా పక్కనే ఇసుకలో ఆయన కూడా కూలబడ్డాడు. గీసినవాడూ బిగించాల్సినవాడూ ఇద్దరం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం.

ఇంతలో చాచా జపాన్ సారు పికప్‌లోకి తొంగి చూశాడు. లోపలన్నీ ఇసుక బస్తాలు. ఎందుకని నన్నడిగాడు. బరువు కోసం, బరువుతో కొండ ఎక్కితే ఇంజన్ ఎంత వేడెక్కుతుందో చూస్తారని చెప్పాను. చాచా ఆయన వైపు తిరిగి, "రేత్ కో ఘుమాతా హై? పాగల్! మేరీ మఛ్లీ ఘుమావ్!" అన్నాడు. (ఇసుకను ఊరేగిస్తున్నావా, పిచ్చోడా, నా చేపల్ని ఊరేగించు అని.) "పాగల్" మింగేసి మిగతాది నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. జపాన్ సారు ఆలోచించాడు. లేచి బస్తా ఒకటి కిందికి దించాడు. "ఫిష్, గుడ్ లోడ్" అన్నాడు.

ఇద్దరి మధ్య మాట చేరవేయడానికి నన్ను ఎక్కించుకున్నారు. ఆ ప్రయాణాలు తల్చుకుంటే ఇప్పటికీ ఒంటికి చెమట పడుతుంది. రుస్తాక్ దారి అంతా కంకర వాగులు, కొండ ఎత్తులు. ఎత్తు వచ్చిందంటే జపాన్ సారు బండి ఆపి, బానెట్ ఎత్తి, వేడి కొలుస్తూ నిలబడేవాడు. వెనక ఐసు కరిగి నీళ్లు కారేవి. "జల్దీ! జల్దీ! మఛ్లీ మర్ గయా!" అని చాచా అరిచేవాడు. "వాట్ హి సే?" అని ఆయన అడిగేవాడు. "హి సే వెరీ హాట్, సార్" అనేవాణ్ణి. ఆయన సంతోషంగా రాసుకునేవాడు.

కొన్ని రోజుల తర్వాత నన్ను రూయిలో మా రూమ్ దగ్గర దింపారు. రూమ్ తలుపు తీసిన మా బావ ముక్కు మూసుకున్నాడు. "ఏందిరా ఈ కంపు? నువ్వు ఇంజన్ల పనికి వచ్చినవా, చేపలు పట్టనీకి వచ్చినవా?" అన్నాడు. రూమ్‌లో వాళ్లంతా కలిసి నా పరుపు వరండాలో వేశారు. అక్కడ పడుకుని, రేపు వీసా క్యాన్సిల్ చేస్తే బాగుండునని మొదటిసారి నిజంగా కోరుకున్నాను.

క్యాన్సిల్ కాలేదు. ఓడలో రేకు వచ్చింది, చాచా బండి లేచింది, గిరాకీలో సగం తిరిగొచ్చింది. మిగతా సగం సోహార్‌వాడికే ఉండిపోయింది. జపాన్ సారు వెళ్లేముందు నన్ను చూపించి మేనేజరుతో ఏదో చాలాసేపు చెప్పాడు. మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పొగుడుతున్నాడేమోనని నన్ను పర్మనెంట్ చేశాడు. తర్వాత వచ్చిన ఇంజన్‌కు ఫ్యాన్ పెద్దదైంది. అది మా చేపల మహిమేనని నేను ఉస్తాద్‌తో గొప్పగా అన్నాను. ఆయన కొత్త ఫ్యాన్‌నూ నన్నూ మార్చి మార్చి చూసి, "మతలబ్, పురానా పంఖా ఇస్మే నహీ లగేగా" అని నిట్టూర్చాడు. (అంటే, పాత ఫ్యాన్ దీనికి పట్టదన్నమాట అని.)

ఇప్పుడు కళ్లద్దాలు లేనిదే స్పానర్ అంకె కనబడదు నాకు. ఒక్కోసారి ఆ ఒడ్డున ఇసుకలో కూలబడిన కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భుజం మీద చెయ్యేసి, ఏమీ కాదురా, లేచి చేపముక్క తిను, చల్లారిపోతోంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు. ఆ వయసులో నేను ఎవరి మాటా వినేవాణ్ణి కాదని మా బావ ఇప్పటికీ అంటూనే ఉంటాడు.