నిలబడి వాయించాలట

పెద్ద అధికారి వస్తున్నాడంటే మన బడుల్లో ముందు ఆగిపోయేది పాఠమే. జనగామలో విలేకరిగా చేరిన రోజుల నుంచి చూస్తున్నాను. మహబూబాబాద్‌కు మారినా, తర్వాత భూపాలపల్లికి వచ్చినా అదే వరస. గేటు నుంచి వరండా దాకా సున్నం గీతలు, ఎండలో రెండు వరుసల పిల్లలు, వాళ్ల చేతుల్లో బంతిపూల రెక్కలు నింపిన పళ్లేలు. సారు పొద్దున్నే వస్తాడని టిఫిన్ కాగానే నిలబెడతారు. సారు మధ్యాహ్నం దాటాక వస్తాడు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు రోతే. అయితే పోయినేడాది చూసిన దాన్ని మించిన రోత మాత్రం నా ఉద్యోగం మొత్తంలో ఎదురు కాలేదు.

మా ఆవిడ వయొలిన్ టీచరు. భూపాలపల్లిలో ఘనపూర్ వైపు వెళ్లే బస్సెక్కి, ఒక ప్రభుత్వ బాలికల వసతి పాఠశాలకు వారంలో కొన్ని రోజులు వెళ్లి నేర్పుతుంది. ఆ ఊరి పేరు చెప్పను. ప్రభుత్వం కొన్నేళ్ల కిందట ఆ బడికి వయొలిన్లు కొనిచ్చి, నేర్పడానికి పార్ట్‌టైం టీచరును పెట్టుకోమంది. అక్కడ చదివేది పత్తి ఏరడానికి, మిరపకాయ తెంపడానికి కూలికి పోయేవాళ్ల పిల్లలు. ఆ ఇళ్లలో వయొలిన్ కొనాలన్న మాటే ఎవరి నోటా రాదు. బడిలో పాఠం ఉంటే వాళ్లకు సంగీతం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మన సంగీతంలో వయొలిన్ కూర్చునే వాయిస్తారు. చాప మీద మఠం వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనిస్తారు. అటు కాలు, ఇటు ఛాతీ దాని బరువు మోస్తాయి కాబట్టి ఎడమచెయ్యి తీగల మీద స్వేచ్ఛగా జారుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు మా ఆవిడ చాలా రోజులు తీగల మీద లాగే కమాను కూడా ఇవ్వదు. కూర్చోవడమే నేర్పుతుంది.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది. అన్నం తినేటప్పుడు మా ఇంట్లో ఆ పిల్ల ముచ్చట లేని రోజు తక్కువ. సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటి గీతాల్లోకి వచ్చింది. ఎండాకాలంలో ప్రభుత్వ సంగీత పరీక్షకు కూర్చోబెట్టాలని, అది పాసైతే తర్వాత సంగీత కళాశాలలో సీటు అడగవచ్చని మా ఆవిడ ఆలోచన. ఆ పిల్ల ఆశ కూడా అదే.

అప్పుడే బడుల్లో వాద్యాల తరగతులు ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో చూడటానికి హైదరాబాద్ నుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ చెడ్డ మనిషి కాదు. పై నుంచి ఫోన్ వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి మాట్లాడే మనిషి. రిహార్సల్ రోజు గేటు పక్కన చాప పరిచి పిల్లలను కూర్చోబెట్టిన మా ఆవిడను చూసి ఆమె కంగారుపడింది.

"సారు నడుసుకుంట వస్తుంటె ఆడపిల్లలు కాళ్లు సాపుకొని కూసుంటరా మేడం? ఏమన్న బాగుంటదా?"

వయొలిన్ పద్ధతే అదని మా ఆవిడ చెప్పింది. సారును తరగతి గదికి తీసుకొస్తే పది నిమిషాల్లో పిల్లలకు ఏం వచ్చో ఆయనే వింటాడని కూడా చెప్పింది. సారుకు అంత టైం ఉండదని ప్రిన్సిపాల్ జవాబు. నిలబడే వాయించాలంది. నిలబడితే పట్టు కుదరదని తేలాక వ్యాయామ టీచరు ఉపాయం చెప్పాడట. స్పీకర్‌లో వయొలిన్ పాట పెడదాం, పిల్లలు నిలబడి కమాను ఆడిస్తే చాలని. ఇదంతా మీ క్లాసు కాపాడటానికే కదా మేడం అన్నారట అందరూ.

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పులు విడవకుండానే గడపలో కూలబడింది. "వాయించుడు వచ్చిన పిల్లలతోని వాయించినట్టు యాక్టింగ్ చేయించాల్నట," అంది.

సారు వచ్చే రోజు వార్త రాయాల్సింది మా మండల విలేకరి. సొంత ఇంటి వ్యవహారం కాబట్టి నేను దూరంగానే ఉండాలి. మా ఆవిడను బండి మీద దింపి, గేటు అవతల ఆగిపోయాను. అధికారి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. వెనక ఇంకో నాలుగు కార్లు. పూలు చల్లారు. స్పీకర్ మొదలైంది. గడ్డం కింద వయొలిన్లు ఇరికించుకుని పిల్లలు కమానులు ఆడించారు. ఎవరి కమాను ఎటు పోతోందో చూసేవాడు లేడు. ఫోటోగ్రాఫర్లు మాత్రం వంగి, మోకాళ్ల మీద కూర్చుని, తెగ తీశారు.

అంతలో వ్యాయామ టీచరుకు ఫోన్ వచ్చింది. పాట ఆ ఫోన్‌లోంచే వస్తోంది మరి. పాట ఆగి, స్పీకర్‌లో గట్టిగా రింగ్‌టోన్ మోగింది. పిల్లలు బెదిరిపోయి ఇంకా కమానులు ఆడిస్తూనే ఉన్నారు. వెనకున్నవాళ్లు నవ్వారు. అధికారి నవ్వలేదు. వీళ్లకు వాయించడం రాదా అని అడిగాడు. ప్రిన్సిపాల్ వ్యాయామ టీచరు వైపు చూసింది.

తొమ్మిదో తరగతి అమ్మాయే మాట్లాడింది. "వస్తది సార్. కూసోని వాయిస్తం."

"సరే, వాయించు," అన్నాడాయన.

ఆ పిల్ల కూర్చోబోయింది. ప్రిన్సిపాల్ గబుక్కున భుజం పట్టుకుంది. "సారు నిలవడి ఉంటె నువ్వు కూసుంటవా? నిలవడే వాయించు."

పక్కనే ఉన్న మా ఆవిడ, కూర్చోనివ్వండి మేడం అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పిల్ల నిలబడే తీగల మీద కమాను లాగింది. వయొలిన్ జారింది. పట్టుకోబోతే గీరుకుపోయిన చప్పుడు వచ్చింది. అధికారి చెయ్యి ఎత్తి, చాలమ్మా చాలు అని ముందుకు నడిచాడు. నాటుకోడి కూర చల్లారిపోతోందని ఎవరో అన్నారు.

భోజనాలయ్యాక గేటు దగ్గరి కుళాయి వద్ద చేతులు కడుక్కుంటున్న ఆయన దగ్గరికి మా ఆవిడ వెళ్లింది. ఒక్కసారి గదిలోకి వచ్చి వినమని అడిగింది. కళ్లతో చూశాను కదమ్మా అని ఆయన తుండుగుడ్డ కోసం చెయ్యి చాపాడు. తుండుగుడ్డ పట్టుకోవడానికి ముగ్గురు పోటీపడ్డారు. ఆ ముగ్గురినీ నాకు ఏళ్లుగా తెలుసు. సభల్లో పిల్లల భవిష్యత్తు గురించి బాగా మాట్లాడతారు.

మర్నాడు మా పేపర్లోనే ఫోటో వచ్చింది. వయొలిన్ నాదంతో ఘన స్వాగతం అని శీర్షిక. అక్కడ నాదమే లేదని డెస్కుకు ఫోన్ చేసి చెప్పాను. పిల్లలు ముద్దుగా ఉన్నారన్నా, ఫోటో బాగా పండింది అన్నాడు డెస్కు మీదున్న కుర్రాడు. నాలుగు రోజులకు ఉత్తరువు వచ్చింది. విద్యార్థినులకు వాయించడం రావడం లేదు కాబట్టి తరగతి ఆ నెలాఖరుతో ఆపేస్తారట. ప్రిన్సిపాల్ ఆ నెలాఖరు దాకా కూడా ఆగలేదు. వయొలిన్లను స్టోర్ గదిలో పెట్టించి తాళం వేయించింది.

ఆ వారమే తల్లిదండ్రుల సమావేశం. మా ఆవిడ వెళ్తానంటే నేనూ వెళ్లాను. ఈసారి జిల్లా స్థాయి అధికారి ఒకాయన వచ్చాడు, వయసులో చిన్నవాడు. ఆయనకూ టీచర్లకూ కుర్చీలు, తల్లిదండ్రులకు కింద జంపఖానా. భోజనం గురించి, బాత్రూంల గురించి మాటలయ్యాక ఒక తల్లి లేవకుండానే చెయ్యి ఎత్తింది. తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి. పత్తి ఏరడం మానుకుని వచ్చానని ముందే చెప్పింది.

"సారూ, నా బిడ్డకు వాయించుడు రాదని రాసిండ్రంట. గా ఫిడేలు ఎట్ల పట్టుకుంటరో నాకు తెల్వది. గని సెలవులకు ఇంటికొస్తె వట్టి చేతులతోనే వేళ్లు ఆడిస్తది. రానోళ్లు గట్ల ఆడిస్తరా?"

అది పై ఆఫీసు నిర్ణయమని ప్రిన్సిపాల్ చెప్పబోయింది. ఆ తల్లి ఆమె వైపు చూడలేదు.

"ఒక్క ఫిడేలు తెప్పియ్యుండ్రి. నేను కిందనే కూసున్న గద. నా పక్కన కూసోని వాయిస్తది. గీడ కూసుంటె ఎవ్వలకు తప్పుగాదు గద."

జంపఖానా మీదున్న ఆడవాళ్లు నవ్వారు. చిన్న అధికారి ప్రిన్సిపాల్ వైపు తిరిగి తెప్పించమన్నాడు. స్టోర్ గది నుంచి వయొలిన్ వచ్చింది. పిల్ల తల్లి పక్కన కూర్చుని, కుడికాలు సర్దుకుని, శ్రుతి చూసుకుంది. గీతం మొదలుపెట్టింది. ఒకచోట తాళం తప్పింది, మళ్లీ అందుకుంది. వాయించడం వచ్చిన పిల్ల తప్పే తప్పు అది. రాని పిల్లకు అలా తప్పి అందుకోవడం చేతకాదు. కుర్చీల్లో ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. మిగతావాళ్లు పెట్టుకోలేదు.

చిన్న అధికారి బయటికి వెళ్లి హైదరాబాద్‌తో మాట్లాడి వచ్చాడు. ఎండాకాలం పరీక్ష అయ్యేదాకా తరగతి నడపమన్నారు, తర్వాత సంగతి తర్వాత చూస్తారట అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కొన్న వయొలిన్లు, వచ్చే టీచరు, నేర్చుకున్న పిల్ల ఉండగా, కూలి పోగొట్టుకుని ఒక తల్లి వచ్చి బతిమాలితే ఇచ్చింది కొన్ని నెలల గడువు. దానికి చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

అందరూ లేస్తుంటే ప్రిన్సిపాల్ మా ఆవిడ దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. క్లాసు నిలబడ్డందుకు తనకూ సంతోషంగా ఉందని, నిజంగానే అంది. ఆ వెంటనే గొంతు తగ్గించింది.

"వచ్చే నెల మళ్ల పెద్ద సారు వస్తడంటున్నరు. అప్పటిదాంక జర నిలవడి వాయించుడు నేర్పుండ్రి మేడం."

మా ఆవిడ ఆమె ముఖంలోకి చూసి, స్టోర్ గది తాళంచెవితో పాటు చాపలు కూడా అడిగింది.