కొత్త కర్రకు పాత మేకుల చిల్లులు

కలకత్తా సాల్ట్ లేక్‌లో చలికాలపు హస్తకళల మేళా. ఒక స్టాలు ముందు జనం మూగి ఉన్నారు. లోపల కర్రను గిర్రున తిప్పి చెక్కే కరెంటు తరిమెన తిరుగుతోంది. దాని ముందు పీట మీద కూర్చుని, కుడి భుజం భారమంతా ఉలి మీద వేసి కర్ర నునుపు చేస్తున్న మనిషిని చూసి నా పక్కనున్నాయన ఆగిపోయాడు. ఆ కూర్చున్నది ఆయన బావ, వాళ్ల వైపు అప్ప అని పిలిచే సొంత అక్క భర్త. కుడి భుజం లేవడం లేదని చెప్పి ఏడాది కిందట పని మానేసిన బావ.

బావ తలెత్తి చూశాడు. తడబడలేదు.

"ఏటి బామ్మర్దీ, అలాగ నిలబడిపోనావు? రా, కూకో. టీ తాగుతావా?"

"నీ బుజం బాగయినట్టుంది బావా."

"కరెంటు మిషనుకి బుజంతో పనేటి? ఏలుతో నొక్కితే అదే తిరుగుతాది."

అని, స్టాలు ముందు నిలబడ్డ ఒకావిడ వైపు తిరిగి బెంగాలీలో అందుకున్నాడు. "చూడండి బౌదీ, నూరేళ్ల నాటి ఇంటి దూలం ఇది. ఈ చిల్లులు చూశారా? అప్పటి మేకులవి."

వాళ్లిద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి కిదిర్‌పూర్ ఓడరేవులో కూలికి వచ్చినవాళ్లు. కొడుకులు మాత్రం అక్కడే ఒక సందులో, రేకుల కింద తరిమెన వేసుకున్నారు. నేనప్పుడు ఒక దినపత్రికలో విలేకరిని. అదే సందులో గది అద్దెకు తీసుకున్నాను. సెలవు రోజున తెలుగు వినాలనిపిస్తే వెళ్లి ఆ రేకుల కింద కూర్చునేవాణ్ణి.

వాళ్లది తాడు తరిమెన. కర్రకు చుట్టిన తాడును ఒకరు ముందుకూ వెనక్కూ లాగాలి, ఇంకొకరు ఉలి పట్టాలి. తాడు ఒక వైపు లాగినప్పుడే కర్ర తెగుతుంది. వెనక్కి పోయేటప్పుడు ఉలి కాస్త ఎత్తాలి. లాగేవాడు బావ, కోసేవాడు బావమరిది. మాట అవసరం లేకుండా ఇద్దరి ఊపిరీ ఒకటిగా నడిచేది. సందులో ఎర్రజెండా కట్టిన పార్టీ గది కూడా చీకట్లో మునిగిపోయే లోడ్ షెడ్డింగ్ రోజుల్లో వీళ్ల పని ఒక్కటే ఆగేది కాదు. మోటారు పెట్టుకోరేమని అడిగితే నవ్వేవాళ్లు.

కర్ర మాత్రం పాతదే. ఉత్తర కలకత్తాలో ప్రమోటర్లు, అంటే బిల్డర్లు, కూల్చిన ఇళ్ల టేకు దూలాలు తెచ్చి మంచం కోళ్లు, పీటలు, అప్పడాల కర్రలు చేసేవారు. "కొత్త కర్రయితే మనం మంచం మీద తొంగున్నాక అది కింద ఒల్లిరుసుకుంటాది బాబూ," అనేవాడు బావమరిది, పచ్చి కర్ర ఆరేకొద్దీ వంకర పోతుందని. దూలంలో మిగిలిన ప్రతి మేకూ పీకి, ఆ చిల్లులో అదే కర్రతో చెక్కిన బిరడా దిగగొట్టేవాడు. చిల్లు ఎక్కడుండేదో కొన్నవాడికి తెలియకూడదు. ఆయనకు అదే గొప్ప.

భవానీపూర్‌లో ఒక పాత ఇంటివాళ్లు మెట్ల పక్కన చేతిపట్టును మోసే చిన్న స్తంభాలు చేయమన్నారు. చెదలు తిన్న వాటి స్థానంలో, అదే ఇంట్లో దించిన దూలాలతో. ఆయన జీవితంలో అంత పెద్ద పని అదే. సగమయ్యేసరికి బావకు భుజం నొప్పి మొదలైంది. నేను మా ఆఫీసు డాక్టరునడిగి మాత్రలు తెచ్చిచ్చాను. బావమరిది రోజూ సాయంత్రం కర్పూరం వేసి కాచిన నూనె తన చేత్తోనే ఆ భుజానికి రాసేవాడు. "అబ్బ, మెల్లిగా బామ్మర్దీ, సచ్చిపోతాను," అని బావ మూలిగేవాడు. ఆ మూలుగు నేనూ నమ్మాను.

బావ మానేశాక తాడు లాగడానికి ఈయన రేవు నుంచి బలమైనవాళ్లను తెచ్చి చూశాడు. వాళ్లు ఉలిని చూడకుండా గుంజేవారు, స్తంభం మెడ దగ్గర విరిగేది. ఇచ్చిన దూలాలు పాడైపోతాయని భయపడి ఆయన ఆ మెట్ల పనే ఆపేశాడు.

ఆ రోజు మేళాలో ఆయన బావ స్టాలులోని ఒక మంచం కోడు తీసి చూశాడు. కొత్త కర్ర. చిల్లులన్నీ డ్రిల్లుతో వేసినవి, అంచుల్లో తుప్పు నలుపు. వాసన చూసి కోడు కింద పెట్టేశాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పాడు.

"చింతపండు నీల్లల్లో తుప్పు మేకులు నానబెడితే వస్తాది ఆ నలుపు. మన బిరడా తెల్లగా కనిపిస్తే అప్పే ఇంటికాడ కలిపి తెచ్చి పూసీది. బావకి రాదది."

"అంటే ఇదంతా అప్పకి తెలుసునా?"

"తెలవదని మీరే చెప్పండి బాబూ. పేపరోలు కదా, ఏదోటి రాసి నమ్మించండి నన్ను."

రాజర్హాట్‌లో కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న రోజులు. పాత కర్ర సామానంటే వాటిలో చేరేవాళ్లకు మోజు. మేళా అయ్యాక అక్కడి నుంచి ఒకాయన కారులో వచ్చి, ఈయన దగ్గర కొన్న పీట తిరిగి ఇచ్చేశాడు. "దాదా, ఇది పాత కర్ర కాదు. పాతదైతే చిల్లులుంటాయి, మేళాలో చూశాం," అన్నాడు. ఈయన పీట తీసుకుని లోపల పెట్టాడు. వెనుదిరిగి నాతో, "పూడ్చడం నా తప్పయిపోనాది," అని మాత్రం అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం అప్ప వచ్చింది, చేపల పులుసు గిన్నెతో. నేనక్కడే ఉన్నాను. తమ్ముడు తింటుంటే చెప్పింది. "మీ బావ వొచ్చి తాడు లాగుతానంటన్నాడు. ఆ మెట్ల పని మట్టుకే. నువ్వు ఊఁ అంటే రేపే వొస్తాడు."

ఆయన అన్నం ముగించి చేయి కడుక్కున్నాడు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అప్ప అడిగితే సరిపోయిందన్నాడు. చింతపండు మాట ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

బదిలీ మీద నేను కలకత్తా వదిలే నాటికి కూడా ఆయన బావకు ఔనని గానీ కాదని గానీ కబురు పంపలేదు. వెళ్లే ముందు భవానీపూర్ ఇంటికి పోయి చూశాను. కింది వరస మెట్లకు స్తంభాలున్నాయి. పై వరసకు వెదురు గడలు కట్టి ఉన్నాయి.