రక్తపిశాచి గడప దాటిన రోజు

నందిగామలో ఒక స్కూల్లో తెలుగు చెబుతూ, సెలవు రోజుల్లో ఒక టీవీ సీరియల్‌కి సీన్లు రాసేదాన్ని. మేం నలుగురం రాసేవాళ్లం. అందులో విలన్ ఒక రక్తపిశాచి. వాడి నియమాలు మొదటి వారమే చెప్పేశాం. ఎండ పడదు, అద్దంలో కనిపించడు, ఇంటివాళ్లు రమ్మంటే తప్ప గడప దాటలేడు.

కథ ముదిరాక ఆ ఆఖరి నియమమే మా మెడకు చుట్టుకుంది. వాడు హీరోయిన్ ఇంట్లోకి రావాలి. కొత్తవాళ్లెవరినీ లోపలికి పిలవకూడదని ఆ ఇంట్లో అందరూ ఒట్టేసుకున్నారాయె.

"ఆ రూల్ వదిలేద్దాం మేడమ్. ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు డైరెక్టర్ ఫోన్‌లో.

"మా అమ్మకి గుర్తుంటుందండీ. నేను వేరే దారి చూస్తా," అన్నాను.

సోమవారం దాకా ఆగుతానన్నాడు.

ఆదివారం జగ్గయ్యపేటలో అమ్మ దగ్గరికి వెళ్లి, వరండాలో కూర్చుని రాసిందల్లా కొట్టేస్తున్నాను. వత్సవాయి నుంచి బాబాయి బండి మీద వచ్చి, మిరపకాయల సంచి గేటు దగ్గరే అమ్మ చేతికిచ్చాడు. పనుందని బండి కూడా దిగలేదు.

"సరే అయితే, వెళ్ళిరా," అంది అమ్మ.

నా పెన్ను ఆగిపోయింది. మనం ఎవర్నీ పొమ్మనం. సాగనంపేటప్పుడు కూడా రమ్మనే అంటాం!

సాయంత్రానికి సీన్ అయిపోయింది. మర్నాడు ఫోన్‌లో డైరెక్టర్‌కి చదివి వినిపించాను. "ఇంకోసారి చదవండి," అన్నాడు. చదివాను. "ఒక్క అక్షరం మార్చను," అన్నాడు.

అది టీవీలో వచ్చిన రోజు అమ్మ పక్కనే కూర్చున్నాను. సీన్‌లో సందెవేళ ఎవరో ముసలాయన గేటు దగ్గర మంచినీళ్లు అడిగాడు. హీరోయిన్ తల్లి జాగ్రత్తగా గేటు పైనుంచే చెంబు అందించింది. తాగి, దణ్ణం పెట్టి వెనుదిరిగాడు.

"మంచిది తాతా, వెళ్ళిరా," అందామె.

రెండడుగులు వేసి ఆగాడు. మెల్లగా ఇటు తిరిగాడు.

"అయ్యయ్యో! రమ్మందే! వాణ్ణి నోరారా రమ్మందే!" అని అమ్మ సోఫాలోంచి లేచిపోయింది.

తెరమీద ఎవరూ ఏమీ విడమరచలేదు. అమ్మకి ఆ అవసరమే రాలేదు. గోడ అవతల పక్కింటి పిన్ని కూడా కేక పెట్టింది.

ప్రకటనలు మొదలయ్యాక అమ్మ నావైపు తిరిగింది. "ఇవాళ్టిది మీలో ఎవరు రాశారే?"

"నేనేనమ్మా," అన్నాను, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లలాగా లేచి నిలబడి.