మబ్బు కూర్చునే పీట

ఇవాళ పొద్దున థర్మోకోల్ పెట్టె మూత తీయగానే చల్లగాలి ముఖానికి కొట్టి కళ్లద్దాలు మసకబారాయి. లోపల చిన్న డబ్బాల్లో గుండ్రటి వడపోత కాగితాలు. ఉత్తర ధ్రువ వలయానికి కాస్త దిగువన, ఏడాదిలో సగం మంచు కప్పుకుని ఉండే పైన్ అడవిలో నెల రోజులు గాలి పీల్చి, అందులోని నలుసులను పట్టుకుని, ఖరగ్‌పూర్‌లో మా ప్రయోగశాలకు తిరిగొస్తాయి అవి. అద్దాలు తుడుచుకుంటుంటే దాలినాయుడు బాబాయి గుర్తొచ్చారు. ఆయనే ఉంటే "ముందు సెయ్యి కడుక్కున్నావేటమ్మా?" అని అడిగేవారు. కడుక్కోలేదు. వెళ్లి కడుక్కుని వచ్చాను.

బాబాయి అన్నానుగానీ చుట్టరికమేమీ లేదు. మా నాన్న రైల్వే స్కూల్లో లెక్కల మాస్టారు. బాబాయేమో రైల్వే వర్క్‌షాపులో కొలత పరికరాలు సరిచూసే పనిలో రిటైరై, మా ప్రయోగశాలలో కాంట్రాక్టు మీద సహాయకుడిగా చేరారు. ఏడాదికోసారి ఆ కాంట్రాక్టు పొడిగించాలి. ఊళ్లోనే ఉన్న ఖరిదా పేట నుంచి సైకిల్ మీద వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, నుదుట మూడు వేళ్ల విభూతి. నేను పరిశోధనకు చేరిన మొదటి వారమే మేఘాల గురించి ఆయనకు పాఠం చెప్పబోయాను, ఎంత పొగరో చూడండి! అంతా ఓపిగ్గా విని, ప్లాస్టిక్ సీసాలో కాసిన్ని గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలారు. ఏమీ కాలేదు. మూత తీసి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ కాస్త లోపలికి పోనిచ్చి, మళ్లీ బిగించి, నొక్కి వదిలారు. సీసా నిండా తెల్లటి మబ్బు.

"సూసినావా? ఆవిరి ఉత్తినే సుక్క అవదు. కూకోడానికి దానికో పీట కావాల," అన్నారు. "మన గోల్‌బజార్ గాలిలో పీటలకేటి తక్కువ? ఆ మంచు దేశంలో గాలి కడిగినట్టుంటాదంట కదా. మరక్కడ పీట ఎవులేస్తారు?"

నా పరిశోధన మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. దాన్ని అంత తేలిగ్గా చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. అక్కడి చెట్లు వేసవిలో వదిలే వాసనే గాలిలో మారి నలుసులవుతుందనీ, వాటి మీద నీటి చుక్కలు పుడతాయనీ చదివాను. గాలి అంత శుభ్రంగా ఉన్నచోట నలుసులు కొంచెం పెరిగినా మబ్బు తీరే మారిపోతుంది.

బాబాయికి ఒక పట్టుదల ఉండేది. ప్రతి పెట్టెలో ఒక కాగితం గాలి పీల్చకుండా ఊరికే వెళ్లి ఊరికే తిరిగి రావాలి. కొలిచే ముందు పరికరాన్ని ఖాళీగా మూసి, సున్నా చూపిస్తోందో లేదో చూడటం వర్క్‌షాపులో ఆయనకు అబ్బిన అలవాటు. "ఖాళీది ఏటి సెప్తాదో ముందు ఇను. తరవాతే నిండుదాని మాట," అనేవారు. ఖాళీ కాగితానికి విదేశీ యాత్ర ఎందుకు బాబాయ్ అని వెక్కిరించేదాన్ని. నవ్వేవారుగానీ మానేవారు కాదు.

మూడో ఏడాది వేసవి నమూనాల్లో పొటాషియం విపరీతంగా కనిపించింది. కట్టెలు, ఆకులు కాలిన బూడిదలో ఉంటుందది. అంటే ఎక్కడో అడవులు కాలిన పొగ అక్కడి మబ్బులకు పీటలు వేస్తోందన్నమాట! ఎగిరి గంతేశాను. మా బెంగాలీ ప్రొఫెసర్ మెచ్చుకోవడంలో మహా పిసినారి, ఆయనే అందరికీ మిష్టి, అంటే మిఠాయిలు, తెప్పించారు. ఫెలోషిప్ ఇంకా ఆరు నెలలుంది, ఈలోగా థీసిస్ అయిపోయినట్టే అనుకున్నాను. ఆ సాయంత్రం ఖాళీ కాగితం ఫలితం నా బల్ల మీదకు వచ్చింది. దానిలోనూ అంతే పొటాషియం.

గాలే పీల్చని కాగితానికి అడవి పొగ ఎలా అంటుతుంది? అంటితే ఇక్కడే అంటాలి. కాగితాలను డబ్బాల్లో పెట్టేది బాబాయి ఒక్కరే. ఆయన వంగి పని చేస్తుంటే నుదుటి విభూతి, అంటే పిడకలు కాల్చిన బూడిద, పొడిపొడిగా రాలడం ఎన్నిసార్లు చూశానో. ఫలితం ఉన్న షీటు సొరుగులో పెట్టి తాళం వేశాను. బయటపెడితే పాపం ఆయన కాంట్రాక్టు పోతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ నా థీసిస్ మీది ఆశ అంతకన్నా పెద్దది, ఆయన పేరు అడ్డం పెట్టుకున్నానంతే. సిగ్గూ ఎగ్గూ లేకుండా మూడు రోజులు అభినందనలు అందుకుంటూ తిరిగాను.

నాలుగో రోజు వచ్చేసరికి ఆయన వరండాలో కుళాయి కింద నుదురు కడుక్కుంటున్నారు. ఆ నుదురు బోసిగా నేనెన్నడూ చూడలేదు. ఏడుపొచ్చింది.

"ఇదేటి బాబాయ్?"

"నా నుదుటి బూడిద తీసుకెల్లి ఆ మంచు దేశం మబ్బుకి అంటగడతావేటమ్మా? ఈస్వరుడు కూడా ఒప్పుకోడు. సార్‌కి నానే సెప్పేస్తాను, తప్పు నాది."

"కాంట్రాక్టు తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తారు. ఠీక్ హై. సున్నా కాడే తప్పితే ఇంక నీ లెక్కంతా తప్పే కదా."

ఇద్దరం కలిసే వెళ్లాం. ప్రొఫెసర్ వరండా దాకా వినిపించేలా అరిచారు. ఆ ఫలితం కొట్టేశారు. బాబాయి కాంట్రాక్టు ఆసారి ఆరు నెలలే పొడిగించారు. నా థీసిస్ ఏడాదిన్నర వెనక్కి పోయింది, ఫెలోషిప్ ఆగిపోయాక ట్యూషన్లు చెప్పుకున్నాను. మళ్లీ తెప్పించిన నమూనాలతో చివరికి తేలింది చిన్న విషయమే, అక్కడి వేసవి నలుసుల్లో ఎక్కువ భాగం చెట్ల వాసన నుంచి పుట్టినవే అని. దానికి ఎవరూ మిష్టి తెప్పించలేదు. బాబాయి మాత్రం రోజూ నుదురు కడుక్కుని లోపలికి వచ్చేవారు, సాయంత్రం జేబులోని పొట్లం విప్పి విభూతి పెట్టుకుని సైకిలెక్కేవారు.

ఆయన పోవడానికి ఏడాది ముందు ఖరిదాలో వాళ్లింట్లో టీ తాగుతూ అడిగాను, ఆ సంగతి మీకెలా తెలిసింది అని.

"మిసన్‌లోంచి ఆ ఫలితం షీటు తీసి నీ బల్ల మీద ఎట్టింది నానే కదమ్మా. సదివే ఎట్టినాను."

టీ గ్లాసు కింద పెట్టేశాను. "మరి ఆ రోజే అడగలేదేం?"

"నువ్వే వచ్చి సెప్తావని సూసినాను. మూడు దినాలు సూసినాను."

ఆ గొంతులో కోపం రవ్వంతైనా లేదు. ఇంకో గ్లాసు టీ తెమ్మని పిన్నిని కేకేశారు.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు పిల్లలు పరిశోధన చేస్తున్నారు. లెక్క ఎక్కడో చెడిందని వాళ్ల ముఖం చూడగానే తెలిసిపోతుంది. నోరు ఆగని మనిషిని, పిలిచి కడిగేయాలనిపిస్తుంది. ఏమీ అనను. మూడు రోజులు చూస్తాను. చాలాసార్లు రెండో రోజుకే తలుపు దగ్గరకొచ్చి, "మేడమ్, ఒక తప్పు జరిగింది," అంటారు. నాకన్నా నయం వాళ్లు.