పాపకని మొదలుపెట్టిన బొంత

ఒమన్‌లో జబల్ అఖ్దర్ కొండ మీద మూడు రోజుల బొంతల శిబిరానికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. వెళ్లినవాళ్లలో నాకు తెలిసిన మనిషి ఒక్కరే. ఆవిడతో పరిచయం కూడా కర్టెన్ల పుణ్యమే.

మస్కట్‌లో, ఘుబ్రాలోని మా ఫ్లాట్‌లో కూర్చుని జాకెట్లు కుట్టడం, పాత బట్టలు సరిచేయడం నా పని. మా ఆయన దుక్మ్‌లో రేవు పనుల దగ్గర సూపర్‌వైజరు. రెండు వారాలకోసారి గురువారం వస్తాడు, శనివారం వెళ్లిపోతాడు. మిగిలిన రోజులు నేనూ, మిషనూ. కర్టెన్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఆ ఇంగ్లీషావిడ, మిషను కింద సంచిలోంచి బయటికి తొంగిచూస్తున్న అతుకుల గుడ్డను లాగి చూసింది.

"ఇది నువ్వే కుట్టావా? మధ్యలో ఎందుకు ఆపేశావు?" అని అడిగింది.

తీరిక లేదన్నాను. ప్రతి చలికాలం కొందరు ఆడవాళ్లం కొండ మీదికి వెళ్లి బొంతలు కుట్టుకుంటాం, వ్యానులో చోటుంది, రమ్మంది. ఆ రాత్రి ఫోనులో మా ఆయనకు చెప్పాను. "పో. నాలుగు దినాలు మనుషుల్ల ఉంటే మంచిగుంటది" అన్నాడు. ఏం కుట్టబోతున్నావని మాత్రం అడగలేదు.

ఆ బొంత అంతకు రెండున్నరేళ్ల ముందు, నేను కడుపుతో ఉన్నప్పుడు మొదలుపెట్టింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నా నూలు చీరలే ముక్కలు చేసి అతికాను. మా వైపు పసిపిల్లల్ని అలాంటి బొంతల మీదే పడుకోబెడతారు. "పుట్టకముందుకే ఏం కుట్టకు బిడ్డా, పుట్టినంక చూద్దాం" అని అత్తమ్మ ఫోనులో చెప్పింది. విన్నాను, అయినా కుట్టాను. ఆ ఫ్లాట్‌లో పొద్దు గడవాలి కదా.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున కదలిక తెలియలేదు. ఆసుపత్రికి వెళితే గుండె ఆగిపోయిందన్నారు. కాన్పు చేశారు. ఆడపిల్ల. నాకు జ్వరం ముంచుకొచ్చింది. నర్సు ఏదో చూపిస్తానన్నట్టు, నేను తల అటు తిప్పుకున్నట్టు లీలగా గుర్తు. నేను లేచి కూర్చునేసరికి మా ఆయన చేయాల్సిందంతా చేసి వచ్చి, గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బొంత సంగతి అత్తమ్మ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె అనకుండా వదిలేసిన మాట రోజూ నన్ను నేనే అనుకున్నాను.

కొండ మీద చలి బాగా ఉంది. మెట్లు మెట్లుగా ఉన్న మళ్లలో దానిమ్మ చెట్లు ఆకంతా రాల్చి నిలబడ్డాయి. గెస్ట్ హౌస్ హాల్లో పొడుగ్గా బల్లలు వేసి వాటి మీద మిషన్లు పెట్టారు. మొదటి మధ్యాహ్నం అందరూ తాము తెచ్చినవి పరిచి చూపించారు. నా వంతు వచ్చింది.

"ఎంత ముద్దుగా ఉంది! ఎవరికి?" అంది ఎవరో.

"మా పాపకి."

"ఎన్నేళ్లు?"

"ఉంటే రెండేళ్లు నిండేవి" అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మాట అంతవరకూ ఎవరి దగ్గరా అనలేదు. ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఒకామె సారీ అంది, ఒకామె మంచినీళ్లు తెచ్చింది. ఇంగ్లీషావిడ నా భుజం మీద కాసేపు చెయ్యి వేసి, నా తర్వాతి వాళ్లను తమవి చూపించమంది. టీ వేళకి నా పక్కకు రాగానే అందరి గొంతులూ తగ్గిపోయాయి. ఎందుకు చెప్పానా అనిపించింది. వెళ్లిపోదామంటే వ్యాను తప్ప వేరే దారి లేదు.

మర్నాడు పొద్దున, హీటరు దగ్గర తివాచీ మీద కూర్చున్న పెద్దావిడ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. మస్కట్ పాతరేవు మత్రా వైపు ఉండే బలూచీ ఆవిడ. మిషను ముట్టదు, అంతా చేతికుట్టే. హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది. "ఇధర్ ఆవో బేటీ" అని, నా బొంతను ఇద్దరి ఒళ్లలోకీ సర్ది, ఒక అంచు తను పట్టుకుంది. కాసేపు ఇద్దరం కుట్టాం. తర్వాత, పాపను ఎక్కడ పెట్టారని అడిగింది.

"తెలియదు" అన్నాను.

"తల్లికి తెలియకపోవడమేంటి? మీ ఆయన చెప్పలేదా?"

"నేను అడగలేదు."

"ఎందుకు?"

నేను సూదిలోకి కొత్త దారం ఎక్కించుకున్నాను. ఆమె సూది ఆపలేదు. తన మొదటి కొడుకు పసికందుగానే పోయాడని చెప్పింది. బతికుంటే వాడికే పెళ్లీడు పిల్లలుండేవారట. "వాడున్న చోటు పక్కనుంచే రోడ్డు పోతుంది. బండి మెల్లగా నడపమంటాను. లోపలికి వెళ్లను. అక్కడున్నాడని తెలుసు, అంతే" అంది.

నేను సూది గుడ్డకు గుచ్చి, బయటికి వెళ్లి ఫోను చేశాను. అవతల సైట్‌లో మిషన్ల రొద.

"డ్యూటీల ఉన్న. ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"ఒక్కటడుగుత. పాపను ఏడ పెట్టిన్రు?"

రొద మెల్లగా తగ్గింది. పక్కకు నడిచినట్టున్నాడు.

"గిప్పుడెందుకది?"

"నాకు తెల్వాలె."

"నువ్వెన్నడడగకపోతివి. ఎత్తితే ఏడుస్తవని నేను ఎత్తలే."

"నువ్వెత్తకపోతే, నీకు యాది లేదేమో అనుకున్న."

"యాది లేకుంటెట్ల?" అన్నాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి ఏడుపు ఫోనులో విన్నాను. కొంతసేపటికి, "గురువారం వస్త. నిన్ను తీస్కపోత" అన్నాడు.

శిబిరం చివరి రోజు ఇంగ్లీషావిడ నన్ను పక్కకు పిలిచింది. చిన్న బొంతలు పసిపిల్లల వార్డుకి ఇస్తుంటామని, ఇష్టమైతే నాదీ ఇవ్వచ్చని మెత్తగా చెప్పింది. ఇవ్వలేనన్నాను. సరేనంది, నొచ్చుకోలేదు. తర్వాత దాన్ని ఇంటి దగ్గరే పూర్తి చేశాను. ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది. బలూచీ ఆవిడ ఆ రోజు వెళ్లేటప్పుడు నా నుదుటి మీద ముద్దు పెట్టింది. మళ్లీ కలవలేదు.

శుక్రవారం పొద్దున మా ఆయన నన్ను తీసుకువెళ్లాడు. ఊరి బయట, ఎర్రకొండల నడుమ, మా వాళ్ల కోసం కేటాయించిన శ్మశానం. చుట్టూ గోడ. ఒక వైపంతా పసిపిల్లల గుర్తుగా చిన్నచిన్న రాళ్లు. గోడ వారనే పెట్టామని, గుర్తుకి తెల్లరాయి ఉంచానని చెప్పాడు. తెల్లరాళ్లు చాలా ఉన్నాయి. మూల నుంచి మూలకు తిరిగాడు, వంగి చూశాడు, వెనక్కి వచ్చాడు. కాపలా మనిషి వచ్చి, మొన్నటి పెద్దవానకు పక్కనున్న వాది పొంగి ఆ వాగు నీళ్లు లోపలికి వచ్చాయని, రాళ్లన్నీ చెదిరిపోతే మళ్లీ ఏర్చి పెట్టామని హిందీలో చెప్పాడు.

మా ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. "యాదున్నదనుకున్న" అన్నాడు.

"పోనీ. గీ గోడ పొంటి ఏడనో ఒక తాన ఉన్నది గద" అన్నాను. పక్కన కూర్చున్నాను. ఎండ ఎక్కేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఏ రాయి మీదా చెయ్యి పెట్టలేకపోయాను. పెడితే అది ఇంకెవరి బిడ్డదో అవుతుందేమోనని.

తిరిగి వస్తుంటే దారిలో తనే మొదలుపెట్టాడు.

"ఆ దినం దోస్తు బండిల పోయినం. ఎనక సీట్ల కూసొని ఒళ్లె పండవెట్టుకున్న. ఏసీ బందు చెయ్యమన్న. గింత ఎండల ఎందుకురా అన్నడు వాడు. సలి వెడ్తది అన్న."

అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "జుట్టు మస్తుండె. నీ లెక్కనే వంకులు. చెవులదాంక ఉండె" అన్నాడు.

పాపకు జుట్టుందని నాకు తెలియదు. రెండేళ్లుగా నేను తలుచుకున్న పాపకు ముఖమే లేదు.

ఘుబ్రాలో మా బిల్డింగు కింద బండి ఆపాక కూడా ఇద్దరం దిగలేదు. వేళ్లు ఎట్లున్నాయని అడిగాను, గోళ్లున్నాయా అని అడిగాను, ఎవరి పోలికని అడిగాను. చెప్పడానికి అతని దగ్గర ఎక్కువేమీ లేదు. చూసిందే కాసేపు. ఉన్నదంతా చెప్పాడు. మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను.