ఖాళీ కాని సీసాలు

తమది చెత్త ఉద్యోగమని చాలామంది వాపోతుంటారు. నాది మాత్రం అక్షరాలా చెత్త ఉద్యోగమే. తొంభైల్లో నోయిడాలో ఓ సర్వే కంపెనీ తరఫున ఇంటింటికీ ఒక సంచి ఇచ్చి, వాడేసిన సబ్బు కాగితాలు, టీపొడి ప్యాకెట్లు, ఖాళీ సీసాలు అందులో వెయ్యమనేవాణ్ణి. నెలాఖరున అవి లెక్కపెడితే దేశం ఎటు పోతోందో తెలిసిపోతుందట. ఉద్యోగం పర్మనెంటు కాని నేనెటు పోతున్నానో మాత్రం ఏ సంచీ చెప్పలేదు.

నా వాటాలో ఒక్కటే తెలుగిల్లు. గుంటూరు వైపు ఆంటీ, రిటైరైన అంకుల్. ప్రతినెలా వాళ్ల సంచిలో అగరొత్తుల పెట్టె తప్ప ఏమీ ఉండేది కాదు.

“అరే భాయ్, ఆ ఇంట్లో మనుషులున్నారా, దేవుళ్లా?” అన్నాడు మా బాస్. “వచ్చే నెలా ఇంతే అయితే నీ కన్ఫర్మేషన్ మర్చిపో, భూల్ జావో.”

పరుగున వెళ్లి ఆంటీని అడిగాను.

“ఖాళీ సీసాలు వెయ్యమంటివి. మా ఇంట్లో ఖాళీ సీసా ఏడుందయ్యా?” అంటూ వంటింట్లోకి తీసుకెళ్లారు. కాఫీపొడి సీసాల్లో ఆవాలు, మెంతులు. బిస్కెట్ల డబ్బాలో సూదీదారం. నూనెడబ్బాలో కరివేపాకు మొక్క. “మిగతాయి పాతసామాన్లు కొనే కబాడీవాలాకేస్తా. వాడు డబ్బులిస్తాడు, నువ్వేమిస్తావు?”

“నా ఉద్యోగం పోద్ది ఆంటీ.”

“అయ్యో, ముందే చెప్పొద్దూ! ఆ సంచి నాకొదిలెయ్.”

మరుసటి నెల సంచి ఎత్తలేకపోయాను. ఆంటీ తమ ఫ్లాట్ల సొసైటీలో ఇల్లిల్లూ తిరిగి పోగుచేశారు. పసిపిల్లల పౌడరు డబ్బాలు, షేవింగ్ క్రీము ట్యూబులు, కుక్క బిస్కెట్ల ప్యాకెట్లు. ఆ ఇంట్లో పసిపిల్లల్లేరు, అంకుల్‌ది బారెడు గడ్డం, కుక్కంటే ఆంటీకి హడల్.

బాస్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. “కహానీలు చెప్పకు యార్, ఇదీ ట్రెండంటే!” అని వీపు తట్టాడు. దక్షిణాది పెద్దవాళ్లలో కుక్కల పెంపకం జోరందుకుందని రిపోర్టు వెళ్లింది. నా ఉద్యోగం ఖాయమైంది. కుక్క పుణ్యాన తిన్న తిండికి విశ్వాసం చూపించాలిగా, మిఠాయి డబ్బా పట్టుకుని ఆంటీ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ మిఠాయి పళ్లెంలోకి వంచి డబ్బా తుడుస్తుంటే, అలవాటుకొద్దీ సంచి నోరు తెరిచి పట్టుకున్నాను.

“చాల్లే సంబడం, మీ అంకుల్ మందుబిళ్లలకి డబ్బా లేక చస్తన్నా,” అంటూ అలమారలో పెట్టేశారు.

ఆ నెల లెక్కల ప్రకారం ఆ ఇంట్లో ఎవరూ మిఠాయి తినలేదు.